కాన్సాస్ సిటీలో ట్రూస్ట్ వీధికి అవతల జరిగేది మనదాకా ఎందుకు రాదు?

అమెరికాలో జాతి వివక్ష గురించి మన తెలుగువాళ్ళ మధ్య మాట వస్తే రెండే అభిప్రాయాలు వినిపిస్తాయి. "అదంతా పాతకాలం సంగతి, ఇప్పుడు కష్టపడేవాడిని ఎవరూ ఆపరు" అని కొందరు. "ఇంతకుముందు బాగానే ఉండేది, ఈ రాజకీయాల వల్లే మొదలైంది" అని ఇంకొందరు. నా దృష్టిలో రెండూ తప్పే. మనకి అందని వార్తల వల్లే ఈ రెండు అభిప్రాయాలూ పుట్టాయి. ఇది చాలా రోజులుగా మనసులో ఉంది, ఇవాళ కూర్చుని రాస్తున్నాను. పోస్ట్ పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేనుండేది మిస్సోరీలోని కాన్సాస్ సిటీ శివార్లలో, సరిహద్దుకి ఇవతల కాన్సాస్ రాష్ట్రంలో ఉన్న జాన్సన్ కౌంటీలో. న్యూయార్క్, మినియాపొలిస్ సంగతులు అందరూ రాశారు కాబట్టి మా ఊరి సంగతే చెబుతాను.

2020 డిసెంబర్ 20న మా ఊరి పెద్ద పేపర్ 'కాన్సాస్ సిటీ స్టార్' క్షమాపణ చెప్పింది. 1880లో మొదలైన పేపర్ అది. ఇన్నేళ్ళూ ఈ ఊరి నల్లవాళ్ళ జీవితాన్ని పట్టించుకోలేదనీ, రాసినప్పుడు కూడా ఎక్కువగా నేరాల సందర్భంలోనే రాశామనీ ఎడిటర్ మైక్ ఫానిన్ తన పేరుతోనే ఒప్పుకున్నారు. మారా రోజ్ విలియమ్స్ అనే నల్లజాతి విలేకరి ముందుకు తెచ్చిన ఆలోచన అది. రిపోర్టర్లు పాత సంచికలు తిరగేసి, అదే కాలంలో నల్లవాళ్ళు నడిపిన 'ది కాల్' లాంటి పేపర్లలో ఏం వచ్చిందో పోల్చి చూశారు. ఒకే ఊరు, ఒకే రోజు, కానీ రెండు పేపర్లలో రెండు ఊళ్ళు కనిపించాయి.

1977 సెప్టెంబర్‌లో బ్రష్ క్రీక్ అనే వాగు పొంగి 25 మంది చనిపోయారు. వాళ్ళలో ఎనిమిది మంది నల్లవాళ్ళు. కానీ పేపర్ దృష్టంతా కంట్రీ క్లబ్ ప్లాజాలో ఖరీదైన షాపులకి జరిగిన నష్టం మీదే ఉంది. చార్లీ పార్కర్ ఈ ఊరి బిడ్డ, ప్రపంచమంతా చెవులు రిక్కించి విన్న జాజ్ సంగీతకారుడు. బతికి ఉండగా సొంత ఊరి పేపర్ ఆయన్ని దాదాపు పట్టించుకోలేదు. 1955లో చనిపోయినప్పుడు రాసిన వార్తలో కూడా పేరులో అక్షరాలు తప్పు, వయసు తప్పు. స్టార్ ఆ క్షమాపణలో చెప్పిన విషయాలే ఇవి.

ఆ ప్లాజా కట్టించింది జె.సి. నికల్స్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి. మన కౌంటీలో ఉన్న మిషన్ హిల్స్, ప్రెయిరీ విలేజ్ లాంటి కాలనీలు ఆయన కంపెనీ వేసినవే. ఇక్కడి ఇల్లు నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని దస్తావేజుల్లోనే షరతు రాయించాడు. ఇంటి ఓనర్లు మారినా ఆ షరతు దానంతటదే కొనసాగేలా ఏర్పాటు చేశాడు. 1948లో సుప్రీంకోర్టు అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని చెప్పేనాటికి ఊరు రెండుగా చీలిపోయింది. ట్రూస్ట్ అవెన్యూకి తూర్పున నల్లవాళ్ళు, పడమర తెల్లవాళ్ళు. అప్పట్లో ఈ వ్యాపారిని స్టార్ ఆకాశానికెత్తింది. ప్లాజా పక్కనే ఉన్న పెద్ద ఫౌంటెన్‌కి ఆయన పేరే ఉండేది, 2020 జూన్‌లో తీసేశారు. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత మా ఊళ్ళో నిరసనలు జరిగింది సరిగ్గా అక్కడే.

ఆ రోజుల్లో మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినవేమిటి? పగిలిన అద్దాలు, టియర్ గ్యాస్, "ఆ వైపు వెళ్ళకండి" అనే మెసేజ్‌లు. జనం వేరే ఎక్కడా కాకుండా ఆ ఫౌంటెన్ దగ్గరే ఎందుకు చేరారో మన గ్రూపుల్లో ఒక్కరూ రాయలేదు. కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబానికి మొదటి వారంలోనే ఎవరో ఒకరు "ట్రూస్ట్ దాటి అటు పోకండి, సేఫ్ కాదు" అని చెబుతారు. ఆ గీత ఎవరు గీశారో మాత్రం చెప్పరు, చెప్పేవాళ్ళకీ తెలియదు. స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్ చూసి ఇల్లు కొంటాం, ఆ రేటింగ్ వెనక వందేళ్ళ చరిత్ర ఉందని మనకి తోచదు. అద్దె ఇల్లు అడిగితే ముందు "మీరేవిట్లు?" అని అడిగే ఊళ్ళ నుంచి వచ్చిన మనకి ఇది అర్థం కాని సంగతేం కాదు. అసలు చెప్పేవాళ్ళే లేరు.

"సరే, తప్పు ఒప్పుకున్నారు కదా, అయిపోయింది" అనేవాళ్ళ కోసం తర్వాత ఏం జరిగిందో చెబుతాను.

2022 సెప్టెంబర్‌లో, ట్రూస్ట్‌కి తూర్పున ఉన్న ప్రాస్పెక్ట్ అవెన్యూ చుట్టుపక్కల నల్లజాతి ఆడవాళ్ళు కనిపించకుండా పోతున్నారని అక్కడి జనం చెప్పుకోవడం మొదలుపెట్టారు. 'కాన్సాస్ సిటీ డిఫెండర్' అనే చిన్న వార్తా సంస్థ, నల్లజాతి యువకులు 2021లో పెట్టుకున్నది, స్థానిక పాస్టర్ ఒకాయన మాటలతో వీడియో పెట్టింది. అది లక్షల మంది చూశారు. ఆ మాటలకి ఎలాంటి ఆధారమూ లేదని పోలీసులు కొట్టిపారేశారు. పెద్ద మీడియా పోలీసుల మాటే రాసి, ఆ వీడియోని పుకారు కింద జమకట్టేసింది.

అక్టోబర్ 7న, ఊరికి ఈశాన్యంగా ఉన్న ఎక్సెల్సియర్ స్ప్రింగ్స్ అనే చిన్న టౌన్‌లో 22 ఏళ్ళ నల్లజాతి అమ్మాయి ఒక ఇంట్లోంచి తప్పించుకుని పక్కిళ్ళ తలుపులు కొట్టింది. మెడకి తాళం వేసిన లోహపు పట్టీ ఉంది. ఆ ఇంటివాడు ప్రాస్పెక్ట్ అవెన్యూలోనే తనని కారెక్కించుకున్నాడని, నెల రోజులుగా బేస్‌మెంట్‌లో బంధించి హింసించాడని చెప్పింది. ఆమె చెప్పిన లెక్క ప్రకారం, ఇక్కడ పోలీసులు "ఆధారం లేదు" అంటున్న రోజుల్లో ఆమె ఆ బేస్‌మెంట్‌లోనే ఉంది.

ఆ వీడియోలో చెప్పినవన్నీ రుజువయ్యాయని నేను అనడం లేదు. నా బాధ వేరు. ఒక వీధి జనమంతా ఒకటే మాట చెబుతుంటే, అక్కడికి వెళ్ళి నాలుగు తలుపులు తట్టి విచారించాల్సింది రిపోర్టరే కదా? పోలీసులకి ఫోన్ చేసి, వాళ్ళు లేదంటే లేదని రాసుకుని కూర్చోవడం రిపోర్టింగ్ ఎలా అవుతుంది? అంతకు ముందు ఏడాదే గాబీ పెటీటో అనే తెల్లమ్మాయి కనిపించకపోతే దేశమంతా వారాల తరబడి గంట గంటకీ వార్తలు ఇచ్చారు. ఆ అమ్మాయి ప్రాణం విలువైనదే, ఆ వార్త ఇవ్వాల్సిందే. ఆమె శవం దొరికిన వయోమింగ్ రాష్ట్రంలో 2011 నుంచి 2020 మధ్య 710 మంది ఆదివాసులు కనిపించకుండా పోయినట్టు నమోదైందని అక్కడి యూనివర్సిటీ నివేదిక ఇచ్చింది. వాళ్ళలో ఒక్కరి పేరైనా మనలో ఎవరికైనా తెలుసా?

కాన్సాస్ నది అవతల, కాన్సాస్ రాష్ట్రంలో అదే పేరుతో ఉన్న ఇంకో కాన్సాస్ సిటీలో ఇంకా ఘోరం. రోజర్ గొలబ్‌స్కీ అనే డిటెక్టివ్ దశాబ్దాల పాటు పేద నల్లజాతి ఆడవాళ్ళని బెదిరించి లైంగికంగా వేధించాడని ఆరోపణలు. లామాంట్ మెకింటైర్ అనే నల్ల కుర్రాణ్ణి 17 ఏళ్ళ వయసులో చేయని జంట హత్యల కేసులో జైల్లో వేశారు. ఆ కేసు నడిపించింది ఈ డిటెక్టివే. 23 ఏళ్ళ తర్వాత, 2017లో మెకింటైర్ నిర్దోషిగా బయటికొచ్చాడు. గొలబ్‌స్కీ మాత్రం 2010లోనే పెన్షన్ తీసుకుని రిటైర్ అయిపోయాడు. 2022లో ఫెడరల్ కేసు పెట్టారు. 2024 డిసెంబర్ 2న విచారణ మొదలవ్వాల్సిన పొద్దున కోర్టుకి రాకుండా ఇంటి దగ్గరే ప్రాణం తీసుకున్నాడు. కోర్టులో చెప్పడానికి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఆడవాళ్ళకి ఆ అవకాశం కూడా దక్కలేదు. 2017 తర్వాత స్థానిక రేడియో, పేపర్లు ఈ కేసు మీద గట్టిగానే పనిచేశాయి, ఆ మాట చెప్పాలి. అంతకు ముందు అన్ని దశాబ్దాలు ఆ ఆడవాళ్ళు చెప్పుకుంటూనే ఉన్నారు, వినే మైక్ లేదు. మన ఇళ్ళ నుంచి కారులో అరగంట దూరం అది. మన సంఘం గ్రూపులో ఆ పేరు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇప్పుడు మన సంగతి. 2017 ఫిబ్రవరి 22న మన కౌంటీలోని ఒలేథాలో తెలుగు ఇంజినీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు. "నా దేశం నుంచి వెళ్ళిపో" అని అరిచి మరీ కాల్చాడు ఆ తెల్లవాడు. అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిల్లట్‌కీ తూటాలు తగిలాయి. ఇరానియన్లనుకున్నాడట. మనవాళ్ళలో చాలామంది ఆ మాట పట్టుకుని "పాపం పొరపాటున జరిగింది" అన్నారు. ఇరానియన్ అయి ఉంటే చంపినా ఫర్వాలేదా? బయట గట్టిగా తెలుగులో మాట్లాడకండి అని సలహాలు తిరిగాయి. మన తెలుగు చానళ్ళు కుటుంబం ఏడుపుని రోజుల తరబడి చూపించాయి. ఇదే ఊరిలో ఇలాంటి ద్వేషానికి ముందు నుంచీ బలవుతున్నవాళ్ళు ఎవరు, వాళ్ళెలా పోరాడుతున్నారు అనే వార్త మాత్రం నాకు ఒక్కటీ కనిపించలేదు. అందుకే మనకది హఠాత్తుగా పడ్డ పిడుగులా అనిపించింది.

సియాటిల్‌లో కందుల జాహ్నవి విషయం చూడండి. ఆదోని నుంచి చదువుకోవడానికి వెళ్ళిన అమ్మాయి. 2023 జనవరి 23న, గంటకి 25 మైళ్ళు దాటకూడని వీధిలో 74 మైళ్ళ వేగంతో వచ్చిన పోలీసు కారు గుద్ది చంపింది. దాదాపు ఎనిమిది నెలల తర్వాత వీడియో బయటపడింది. ఇంకో పోలీసు ఫోన్‌లో నవ్వుతూ, ఆమెకి పెద్ద విలువ లేదన్నట్టు, పదకొండు వేల డాలర్ల చెక్ రాస్తే సరిపోతుందన్నాడు. అప్పుడు మన మీడియా మేలుకుంది. కానీ ఆ పోలీసు శాఖ అప్పటికే 2012 నుంచి ఫెడరల్ కోర్టు పర్యవేక్షణలో ఉంటూ వచ్చిందని ఎంతమందికి చెప్పారు? 2010లో జాన్ టి. విలియమ్స్ అనే ఆదివాసీ శిల్పి, కర్ర చెక్కే చిన్న చాకు చేతిలో ఉందని పోలీసు కాల్చి చంపితే, ఆ తర్వాత ఎన్నో సంఘాలు పోరాడితే వచ్చిన పర్యవేక్షణ అది. జాహ్నవి వీడియో బయటికి రావడానికి కొద్ది రోజుల ముందే జడ్జి దాన్ని చాలావరకు ఎత్తేశారు. విలియమ్స్ కథ తెలిసి ఉంటే జాహ్నవి తల్లిదండ్రుల బాధతో పాటు, ఎవరితో కలిసి నిలబడాలో కూడా మనకి తెలిసేది.

ఇంకొకటి నిష్ఠూరంగానే చెబుతాను. గ్యాస్ స్టేషన్‌లో దోపిడీ జరిగి మన పిల్లాడికి తూటా తగిలితే, కాల్చినవాడు నల్లవాడైతే ఆ మాట హెడ్డింగ్‌లోనే ఉంటుంది. నల్లవాళ్ళ గురించి మన ఇళ్ళకి చేరే వార్త చాలాసార్లు అదొక్కటే. అమెరికా రాకముందే హైదరాబాద్‌లో, విజయవాడలో కూర్చున్న అమ్మానాన్నలకి కూడా ఒక భయం పట్టుకుంటుంది. "నల్లవాళ్ళున్న చోట ఇల్లు తీసుకోకు నాన్నా" అని వాళ్ళు ఫోన్‌లో చెప్పేది ప్రేమతోనే. కానీ ఆ భయం ఎక్కడ తయారైందో చూడండి. ఆసియా వాళ్ళని రానివ్వని కోటాలు తీసేసిన 1965 ఇమిగ్రేషన్ చట్టం వచ్చింది నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమం వేడి మీదే. మనం ఈ దేశంలో అడుగుపెట్టిన దారి వేసినవాళ్ళు వాళ్ళు. వాళ్ళని మనకి దొంగలుగా పరిచయం చేస్తున్నారు, మనం తలూపుతున్నాం. నాకు సిగ్గుగా ఉంది, కోపంగానూ ఉంది.

"అమెరికా మీడియా ఇరవై నాలుగు గంటలూ జాతి గురించే మాట్లాడుతోంది కదా, ఇంకా కవరేజ్ లేదంటారేమిటి?" అని అడుగుతారు. మాట్లాడుతోంది, నిజమే. స్టూడియోలో నలుగురు కూర్చుని అరుచుకోవడం రోజూ ఉంది. ప్రాస్పెక్ట్ అవెన్యూలో నిలబడి వినే రిపోర్టర్ మాత్రం లేడు. 2005 నుంచి ఈ దేశంలో మూడో వంతుకు పైగా పేపర్లు మూతపడ్డాయి. స్థానిక వార్త అందించే సంస్థ ఒక్కటీ లేని కౌంటీలు 200 దాటాయి. 1905 నుంచి నడిచిన నల్లవాళ్ళ పేపర్ 'చికాగో డిఫెండర్' 2019లో అచ్చు ఆపేసింది. 1967లో నగరాల్లో జరిగిన జాతి అల్లర్ల తర్వాత ప్రెసిడెంట్ జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్, అల్లర్లు జరిగినప్పుడు పరిగెత్తుకెళ్ళే పత్రికలు వాటి వెనకున్న కారణాలనీ నల్లవాళ్ళ రోజువారీ బతుకునీ చూపించడం లేదని 1968లోనే తేల్చి చెప్పింది. అప్పుడు కనీసం పేపర్లైనా ఉన్నాయి.

తెలుగు ఎడిటర్లని ఒకటే అడుగుతున్నాను. మీ ఎన్నారై పేజీలో సంఘాల సన్మానాలు, వీసా వార్తలు వేసుకోండి. వాటితో పాటు ఆయా ఊళ్ళ నల్లజాతి పత్రికలు ఏం రాస్తున్నాయో వారానికి ఒక్క వార్తైనా తెలుగులో ఇవ్వండి. మన పిల్లలకి ఏదైనా జరిగితే ఆ వీధిలో అంతకు ముందు ఎవరికి ఏం జరిగిందో కూడా కనుక్కుని రాయండి. మన చేతుల్లో ఉన్న పని కూడా ఒకటుంది. ఉగాదికి మన సంఘం ఆర్టిస్టుల కోసం పెట్టే ఖర్చులో చిన్న భాగంతో 'ది కాల్'కి, 'కాన్సాస్ సిటీ డిఫెండర్'కి మన కుటుంబాలన్నిటి పేరు మీద చందా కట్టొచ్చు. ఆ రిపోర్టర్లలో ఒకరిని పిలిచి వేదిక మీద గంటసేపు మాట్లాడమనొచ్చు. వచ్చే కమిటీ మీటింగ్‌లో నేను ఈ ప్రతిపాదన పెడుతున్నాను. కాన్సాస్ సిటీ తెలుగువాళ్ళలో బలపరిచేవాళ్ళు కింద కామెంట్‌లో పేరు రాయండి. వద్దనేవాళ్ళు కూడా ఎందుకు వద్దో రాయండి, జవాబిస్తాను.