నడుము లేని బంతి

ఎలక్ట్రాన్ స్పిన్ (దానికి పుట్టుకతోనే ఉండే కోణీయ ద్రవ్యవేగం) అనగానే పుస్తకంలో ఒక బంతి ప్రత్యక్షమవుతుంది. నడుము చుట్టూ వంకర బాణం, నడినెత్తిన ఇంకో బాణం. పాలిష్ పట్టినట్టు ఓ పక్క మెరుపు కూడా. కింద 'బొంగరంలా తిరుగుతుంది' అని ఒక ముక్క. చాప్టరు సమాప్తం.

గీసినవారి ధైర్యానికి దండం పెట్టాలి. పాత లెక్కల ప్రకారం ఎలక్ట్రాన్‌కి 2.8 ఫెమ్టోమీటర్ల వ్యాసార్ధం ఇచ్చి నిజంగానే తిప్పితే, కొలిచిన స్పిన్ రావడానికి దాని నడుము కాంతి కంటే సుమారు 170 రెట్లు వేగంగా పరిగెత్తాలి. ఐన్‌స్టీన్ గారి నిషేధం బొమ్మలకు వర్తించదు కాబోలు. 1925లో భౌతిక శాస్త్రవేత్త లోరెంట్జ్ ఈ చిక్కు చూపించగానే, స్పిన్ ఊహించిన ఉలెన్‌బెక్ హడలిపోయి పేపర్ ఆపేద్దామన్నాడు. గురువు ఎరెన్‌ఫెస్ట్ అప్పటికే పంపేశాడు. కన్నవాడే సిగ్గుపడిన బొమ్మకు మనం ఏటేటా రంగులద్ది అచ్చేస్తున్నాం.

బొమ్మ గీసేటప్పుడు గీసేవారికీ ఎలక్ట్రాన్‌కీ మధ్య సంభాషణ ఇలా నడిచి ఉంటుంది.

"ఒక చుట్టు తిరగండి."

"తిరిగానండీ. కానీ ఇప్పుడు నా స్థితిని చెప్పే గణితం ముందు మైనస్ గుర్తు పడింది. ఇంకో చుట్టు తిరిగితే గానీ మామూలు మనిషిని కాను."

"మైనస్ ఏదీ, కనిపించదే?"

"ఒంటరిగా చూస్తే కనబడదు. రెండు దారుల్లో పంపి, ఒక దారిలోనే తిప్పి, మళ్లీ కలిపి చూడాలి. 1975లో న్యూట్రాన్లతో చూశారు."

"అది సిలబస్‌లో లేదు. కాస్త నడుము చూపించండి."

"నాకు నడుము లేదండీ."

"ఫర్వాలేదు, మేం గీస్తాం."

1928లో భౌతిక శాస్త్రవేత్త డిరాక్ అసలు స్పిన్ కోసం వెతకనే లేదు. సాపేక్షతకు లొంగుతూ, కాలంలోనూ స్థలంలోనూ మొదటి అవకలజం దగ్గరే ఆగే సమీకరణం కావాలనుకున్నాడు. మామూలు సంఖ్యలతో కుదరక నాలుగు వరసల మాత్రికలు పెట్టాడు. అంతే, స్పిన్ పిలవకుండానే వచ్చి కూర్చుంది. అయస్కాంత భ్రామకం పాత లెక్కకు రెట్టింపు వచ్చి అందర్నీ ఏడిపించిన ఆ 2 కూడా వెంటే వచ్చింది. వద్దన్నా పోని ఋణ శక్తి పరిష్కారాలను ముందు ప్రోటాన్‌కి అంటగట్టాడు, 1931లో కొత్త కణం అన్నాడు. మరుసటి ఏడే కణాల జాడలు చూపే ఆండర్సన్ క్లౌడ్ చాంబర్‌లో ఆ కణం, అంటే ధనావేశపు ఎలక్ట్రాన్ లాంటి పాజిట్రాన్, దొరికింది.

ఇంత ఉండగా బంతా? "సార్, తిరుగుతున్నదేంటి?" అని లేచిన పిల్లను "అంత లోతు అక్కర్లేదు, మార్కులు రావు" అని కూర్చోబెడతారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల పట్టుకున్నది లోరెంట్జ్ పట్టుకున్న తీగనే! దాని నోరు మూయించి జీతం ఎలా తీసుకుంటారు? గణితం కష్టమంటారు. కష్టమే. 'ఇక్కడ ఏ బంతీ గిరగిరా తిరగడం లేదు, అయినా కోణీయ ద్రవ్యవేగం ఉంది' అని ఒక్క వాక్యం అచ్చేయడానికి ఏ మాత్రికలు రావాలి?