సవరణ: విజయనగరం సంగీత కళాశాల స్థాపకుడి గురించి

విజయనగరం మహారాజు ఆనంద గజపతి మీద నేను రాసిన పోస్టులో, విజయనగరం సంగీత కళాశాలను పెట్టింది ఆయనేనని రాశాను. అది తప్పు. ఆయన 1897లోనే కన్నుమూశారు. కళాశాల మొదలైంది 1919లో, విజయరామ గజపతి చేతుల మీదుగా. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ చెప్పడానికి ద్వారం వెంకటస్వామినాయుడు అదే ఏడాది చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఇద్దరు ప్రభువులనూ ఒక్కరిగా కలిపేసి విజయరామ గజపతికి అన్యాయం చేశాను, క్షమించండి.

అలాగని ఆనంద గజపతి గొప్పతనం వీసమెత్తు కూడా తగ్గదు. జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ ప్రచురించిన ఋగ్వేదం రెండో ముద్రణకు డబ్బు ఇచ్చింది ఆయనే. నా మనసులో మాత్రం ఇంకో పని అంతకన్నా పెద్దది. విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల (డబ్బు తీసుకుని ఆడపిల్లను ఇచ్చే పెళ్లిళ్ల) జాబితా ఆయన తయారు చేయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు లెక్కకొచ్చాయి. అందులో ముగ్గురు పెళ్లికూతుళ్ల వయసు ఒక్క ఏడాది! ఆ పసిగుడ్డుల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. గురజాడ ఈ లెక్కలన్నీ 'కన్యాశుల్కం' తొలి ముద్రణకు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఇచ్చారు. నాటకాన్ని అంకితమిచ్చిందీ ఈ ప్రభువుకే. కళాకారులకు కానుకలిచ్చిన రాజులు చాలామందే ఉన్నారు, ఇలాంటి లెక్క తీయించినవాళ్లు అరుదు.

పాత పోస్టులో ఆ వాక్యం సరిచేశాను. దాన్ని షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా షేర్ చేయండి.