కీబోర్డు ఫోన్ తయారుచేసేవాళ్ళు ముందు బొటనవేలిని చూడాలి

బటన్ల కీబోర్డు ఉన్న స్మార్ట్‌ఫోన్లు మళ్ళీ కనిపిస్తున్నాయి. యూనిహెర్ట్జ్ కంపెనీ 2025లో టైటాన్ 2 తెచ్చింది. ఐఫోన్‌కి తొడిగే కీబోర్డు కేసులతో 2024లో మొదలైన క్లిక్స్ వాళ్ళు 2026 జనవరిలో సొంత ఫోన్‌నే ప్రకటించారు. పాత బ్లాక్‌బెర్రీ క్లాసిక్ బాడీలో కొత్త సర్క్యూట్ బోర్డు పెట్టి ఆండ్రాయిడ్ నడిపిస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇలాంటి ఫోన్లంటే ఏళ్ళ తరబడి ఇష్టం పెంచుకున్న నాకు ఇది నిజంగా సంతోషమే. కానీ ఏ కొత్త మోడల్ వచ్చినా మాటలన్నీ స్క్రీన్ ఎంత, కెమెరా ఎంత, ప్రాసెసర్ ఏది అన్నచోటే తిరుగుతున్నాయి. అక్కణ్ణుంచి మొదలుపెడితే తప్పుడు ఫోనే తయారవుతుంది. ముందు చూడాల్సింది బొటనవేలిని. అది ఎక్కడ ఆనుతుంది, ఎంత దూరం సాగుతుంది, కన్ను సాయం లేకుండా ఏ బటన్‌ని గుర్తుపడుతుంది, మిగతా కొలతలన్నీ దాన్నిబట్టే రావాలి.

ఒక చిన్న లెక్క చూడండి. 2011లో వచ్చిన బ్లాక్‌బెర్రీ బోల్డ్ 9900 వెడల్పు 66 మిల్లీమీటర్లు. పై వరసలో పది అక్షరాలు ఉండాలి కాబట్టి ఒక్కో బటన్‌కి దక్కేది ఆరున్నర మిల్లీమీటర్లే. బొటనవేలి కొస అంతకు రెండింతలు ఉంటుంది. మరి పక్క బటన్ నొక్కుకోకుండా వేగంగా ఎలా కొట్టగలిగారు? బటన్ చదునుగా లేకపోవడం వల్ల. ఒక్కో దాని మీద ఏటవాలుగా ఒక గట్టు ఉంటుంది, ఎడమ సగంలో ఆ వాలు ఒక దిక్కుకి, కుడి సగంలో దానికి ఎదురు దిక్కుకి. బొటనవేలు పడేది బటన్ మొత్తం మీద కాదు, ఆ గట్టు మీద. వరసకీ వరసకీ మధ్య సన్నటి లోహపు పట్టీ ఉంటుంది, వేలు ఏ వరసలో ఉందో అదే చెబుతుంది. నోకియా ఈ71 దీన్ని ఇంకో దారిలో సాధించింది. దాని వెడల్పు 57 మిల్లీమీటర్లే, అయినా బటన్లు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండడం వల్ల వేలు జారకుండా నిలిచేది. అంటే బటన్ ఎంత పెద్దది అన్నదానికంటే దాని ఆకారం ఏమిటన్నదే అసలు విషయం. చదునైన బటన్లు పక్కపక్కనే పేర్చి కీబోర్డు అంటే నేను ఒప్పుకోను, చూడకుండా కొట్టలేనప్పుడు టచ్‌స్క్రీన్ గాజు మీద కొట్టడానికీ దానికీ తేడా ఏముంది?

ఇప్పుడు కీబోర్డు ఎక్కడ ఉండాలన్న సంగతి. ఇక్కడ నా మాట గట్టిగానే చెబుతాను: స్క్రీన్ కింద, ఎప్పుడూ బయటే ఉండాలి. స్క్రీన్‌ని జరిపితే కింద దాగిన కీబోర్డు బయటపడే స్లైడర్ వద్దు. స్లైడర్ అభిమానులు చెప్పేది నాకు తెలుసు, వాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. కావాలన్నప్పుడు పెద్ద స్క్రీన్, కావాలన్నప్పుడు కీబోర్డు. 2008లో వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోనే స్లైడర్, ఆ తరవాత మోటరోలా మైల్‌స్టోన్, నోకియా ఎన్97, 2015లో బ్లాక్‌బెర్రీ ప్రివ్, 2019లో ఎఫ్ఎక్స్‌టెక్ ప్రో1, అందరూ ఈ దారి తొక్కి చూశారు. నేనూ రెండేళ్ళు ఒక స్లైడర్ వాడాను. పెద్ద మెయిల్ రాయాల్సి వస్తే తెరిచేవాణ్ణి. 'సరే, వస్తున్నా' అని ఒక్క ముక్క పంపడానికి తెరవబుద్ధి కాదు కదా, గాజు మీదే కొట్టేసేవాణ్ణి. రోజంతా మనం రాసేవాటిలో ఎక్కువ ఇలాంటి ఒక్క ముక్కలే. చివరికి కీబోర్డు రోజుకి ఒకటి రెండు సార్లు తెరిచే సొరుగులా మారింది. రెండో ఏడాది స్క్రీన్ మీద గీతలు మొదలయ్యాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కి తీసుకెళ్తే షాపతను ఒకసారి జరిపి చూసి 'ఫ్లెక్స్ పోయింది సార్' అన్నాడు. పై సగానికీ కింది సగానికీ మధ్య ఉండే ఆ పలచని పట్టీ తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా మడత పడుతుంది. ఆ మోడల్‌కి విడిభాగం దొరకలేదు. కదిలే భాగం ఉన్న ఫోన్‌కి, అదీ తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే ఫోన్‌కి, ఈ కష్టం తప్పదు.

బరువు సంగతి కూడా ఇందులోనే ఉంది. నిలువుగా తెరిచే స్లైడర్‌లో స్క్రీన్ పైకి పోతుంది, వేళ్ళు కింద ఉంటాయి, ఫోన్ వెనక్కి వాలుతుంటే చిటికెన వేలు అడ్డం పెట్టి ఆపాలి. ఇప్పటి పెద్ద ఐఫోన్లకి కింద కీబోర్డు కేసు తగిలించినా అదే జరుగుతుంది. ఆ కేసుల్లో బటన్ల పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు, కానీ పొడవాటి ఫోన్‌కి ఇంకో అంగుళానికి పైగా తోక కలిపితే బరువంతా చేతికి పైన వేలాడుతుంది. దీనికి పూర్తి ఎదురు కొసన ఉన్నది 2014 నాటి బ్లాక్‌బెర్రీ పాస్‌పోర్ట్. దాదాపు 90 మిల్లీమీటర్ల వెడల్పు, 4.5 అంగుళాల చదరపు స్క్రీన్. చదవడానికి అంత బాగున్న ఫోన్ నేను చూడలేదు. కానీ ఒక చేతిలో ఇమడదు, మామూలు జేబులో పట్టదు, పైగా వెడల్పు అంత ఇచ్చి కూడా కీబోర్డుని మూడు వరసలకే కుదించి అంకెల్నీ గుర్తుల్నీ స్క్రీన్ మీదికి నెట్టారు. టైటాన్ 2 ఆ చదరపు స్క్రీన్ దారినే వెళ్ళింది. నా ఓటు మధ్య కొలతకి, అంటే 2017 నాటి బ్లాక్‌బెర్రీ కీవన్, 2018 నాటి బ్లాక్‌బెర్రీ కీ2 ఉన్న 72 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వెడల్పు, స్క్రీన్ మూడు రెండు నిష్పత్తిలో, బరువు కింది సగంలో.

స్టీవ్ జాబ్స్ 2007లో ఐఫోన్ చూపిస్తూ ఈ ఫోన్ల మీద పెట్టిన అభ్యంతరం ఇప్పటికీ వినిపిస్తుంది. కీబోర్డు కావాలన్నా వద్దన్నా ప్లాస్టిక్‌లో పాతుకుపోయి అక్కడే ఉంటుంది, ఏ యాప్‌కి తగ్గట్టూ మారదు అన్నాడు. ఆ రోజుకి అది న్యాయమైన విమర్శే. అప్పటి స్క్రీన్లు మూడు అంగుళాల లోపు, చోటు నిజంగానే తక్కువ. కానీ పాస్‌పోర్ట్‌తో ఆ విమర్శకి జవాబు దొరికింది. ఆ కీబోర్డు మొత్తం టచ్‌ప్యాడ్ కూడా. బటన్ల మీద వేలు పైకి నిమిరితే పేజీ కదులుతుంది, స్క్రీన్ మీద చేయి అడ్డం పడదు. రాస్తున్నప్పుడు సూచించిన పదం కింద నుంచి వేలు పైకి విసిరితే ఆ పదం వచ్చి కూర్చుంటుంది. కీవన్ స్పేస్ బార్‌లోనే వేలిముద్ర సెన్సర్ పెట్టారు. చోటు ఆక్రమించిన వస్తువు మూడు నాలుగు పనులు చేస్తుంటే దాన్ని వృథా అనలేం.

ఇక షార్ట్‌కట్లు. కీబోర్డు ఎప్పుడూ బయట ఉండాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇవే. పాత బ్లాక్‌బెర్రీలో మెయిల్స్ చూస్తూ టి నొక్కితే అన్నిటికంటే పైకి, బి నొక్కితే అట్టడుక్కి, ఆర్ నొక్కితే జవాబు, స్పేస్ నొక్కితే తరవాతి పేజీ. అక్షరాన్ని కాస్త నొక్కి పట్టుకుంటే పెద్దక్షరం. కీవన్‌లో 26 అక్షరాలకీ మామూలు నొక్కుకి ఒకటి, నొక్కి పట్టుకుంటే ఇంకొకటి చొప్పున 52 షార్ట్‌కట్లు పెట్టుకోవచ్చు. అమ్మకి ఫోన్ చేయాలంటే ఎ పట్టుకోవడమే, నాలుగు రోజుల్లో వేలికి అలవాటైపోతుంది. టైపింగ్ వేగంలో గాజు కీబోర్డే గెలుస్తుందని ఎవరైనా అంటే నేను వాదించను, ఆటోకరెక్ట్ చాలా ఎదిగింది. కానీ ఫోన్ మొత్తాన్ని అక్షరాలతో నడపడం అనే సుఖం గాజు మీద లేదు, మూసి ఉన్న స్లైడర్‌లోనూ లేదు.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో సమస్య ఉంది, దీని గురించి మనమే మాట్లాడాలి. కంప్యూటర్ మీద ఇన్‌స్క్రిప్ట్, అంటే తెలుగు అక్షరాలకి నేరుగా బటన్లు కేటాయించిన అమరిక, వాడేవాళ్ళు ఒకసారి గుర్తుచేసుకోండి. చ సెమీకోలన్ మీద ఉంటుంది, ట దాని పక్క కొటేషన్ గుర్తు మీద, డ బ్రాకెట్ మీద, య స్లాష్ మీద. ఫోన్ కీబోర్డులో ఈ గుర్తులకి సొంత బటన్లే ఉండవు, ఆల్ట్ పట్టుకుని ఏదో ఒక అక్షరం మీంచి తెచ్చుకోవాలి. అంటే 'చెట్టు' అన్న మాటలో ఉన్న హల్లులన్నీ ఇల్లు లేనివే. కాబట్టి ఇంత చిన్న కీబోర్డు మీద మనకి పనికొచ్చేది ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతే. ఇరవై ఆరు బటన్లలో అది సరిపోతుంది, కానీ ణ, ళ, ట, డ లాంటివి తేల్చి చెప్పాలంటే పెద్దక్షరాలు కావాలి, అంటే షిఫ్ట్ మాటిమాటికీ కావాలి. బోల్డ్‌లోనూ కీవన్‌లోనూ స్పేస్‌కి రెండు వైపులా షిఫ్ట్ ఉండేది, ఏ చేతి అక్షరానికైనా రెండో చేయి సాయం వచ్చేది. కీ2లో కుడివైపు షిఫ్ట్ తీసేసి అక్కడ షార్ట్‌కట్లకి వాడే స్పీడ్ కీ పెట్టారు. ఇంగ్లీషు రాసేవాడికి వాక్యానికి ఒక్కసారి కావాల్సిన బటన్ అది, పోయినా పెద్దగా తెలియదు. మనకి మాటకోసారి కావాలి, నాకైతే ఆ లోటు మొదటి రోజే తెలిసింది. ఎడమ చేతి కిందే ఉన్న టి, డి పెద్దవి చేయాలంటే ఆ చేతి బొటనవేలే షిఫ్ట్‌కి దిగి మళ్ళీ పైకి పరిగెత్తాలి. తెలుగు సూచనలు కూడా కీబోర్డుకి ఆనుకుని పైన వరసగా రావాలి, వేలు విసిరితే ఎక్కాలి. పాస్‌పోర్ట్‌లో ఇంగ్లీషు పదాలకి చేసిన పని తెలుగుకి చేయలేకపోవడానికి సాంకేతికంగా అడ్డమేమీ లేదు.

అందుకే ఇప్పుడు ఏ కొత్త కీబోర్డు ఫోన్ ఫొటో బయటికొచ్చినా నేను కెమెరాల లెక్క చూడను. ఫొటోని పెద్దది చేసి కింది వరసకి వెళ్తాను, బటన్ మీద గట్టు ఉందా, స్పేస్‌కి కుడివైపున రెండో షిఫ్ట్ ఉందా అని.