తిథి చెప్పని టికెట్ కావాలి

బెంగళూరు మడివాళలో రాత్రి పదిన్నర దాటాక ఓ పది నిమిషాలు నిలబడండి. కర్నూలు మీదుగా హైదరాబాద్ వెళ్లే ప్రైవేటు బస్సు ఇంజన్ ఆపకుండా గుర్రుమంటూ ఉంటుంది. క్లీనర్ కుర్రాడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ "అనంతపూర్, కర్నూల్, కర్నూల్... రెండే సీట్లు" అని అరుస్తుంటాడు. తొమ్మిదింటికి పన్నెండొందలు చెప్పిన సీటు బస్సు కదిలే ముందు తొమ్మిదొందలకి దిగుతుంది. బేరం తెలిసినవాడు ఎనిమిదొందలకే ఎక్కేస్తాడు. సంక్రాంతి, దసరా సంగతి వదిలేయండి, అప్పుడు వాళ్లు చెప్పిందే రేటు. మామూలు రోజుల్లో మాత్రం ఆ కుర్రాడికి ఒకటి ఖాయంగా తెలుసు: బస్సు ఊరు దాటాక ఖాళీ సీటుకి పైసా రాదు.

అదే బస్సు ఇంకాసేపటికి దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం మలుపు పక్కనుంచే పోతుంది. ఆ మలుపు తిరిగి లోపలికి వెళ్తే లెక్క తల్లకిందులు. అక్కడ బయల్దేరే టైం దగ్గరపడేకొద్దీ సీటు ఖరీదెక్కుతుంది. పదిహేను రోజుల ముందు చవగ్గా కనిపించిన హైదరాబాద్ టికెట్టే ఆ పూటకి కావాలంటే రెండింతలు, మూడింతలు. ఇది అందరికీ అనుభవమే. ఎవరూ పట్టించుకోనిది ఏమిటంటే, అంత రేటు పెట్టి కూడా సీట్లన్నీ అమ్ముడుపోవడం లేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నెలనెలా ఇచ్చే లెక్కల్లో మన దేశీయ విమానాల్లో పది సీట్లకి ఎనిమిదికి పైగా నిండుతున్నాయి. మరి మిగతావి? 180 సీట్ల విమానం 85 శాతం నిండితే 27 కుర్చీలు ఖాళీగా గాల్లోకి లేస్తాయి.

ఆ కుర్చీలు జనానికి స్టాండ్‌బై టికెట్లుగా అమ్మాలన్నది నా వాదన. సీటుకి హామీ లేదు. ఫలానా విమానమని లేదు. చివర్లో సీటు మిగిలితే ఎక్కుతాం, మిగలకపోతే ఇంటికెళ్లి పడుకుంటాం. ఆ రిస్కు మనం మోస్తున్నాం కాబట్టి ధర సగానికి మించకూడదు.

ఇదేదో గాలి కబురు కాదు. ఇప్పుడు విమాన కంపెనీలు వాడుతున్న ధరల లెక్కకి పునాది వేసిన మనిషి కెన్ లిటిల్‌వుడ్. 1972లో బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీలో ఉండగా ఆయన చెప్పిన సూత్రం చాలా సులువు. చేతికి అందిన చవక ప్రయాణికుడి డబ్బు, తర్వాత వస్తాడేమో అనుకునే ఖరీదైన ప్రయాణికుడి మీద పెట్టుకున్న ఆశ విలువ కంటే ఎక్కువైతే, చవక టికెట్ అమ్మేయమన్నారు. కంపెనీలు ఈ సూత్రంలో ఆశ దగ్గరే ఆగిపోయాయి. చెక్-ఇన్ కౌంటర్ మూసే నిమిషానికి ఆ ఖరీదైన ప్రయాణికుడు ఇక రాడు. ఆశ విలువ సున్నా. అంటే లిటిల్‌వుడ్ లెక్క ప్రకారమే ఆ సీటు ఎంతొస్తే అంతకి అమ్మాలి. మడివాళ క్లీనర్ ఆ పేరు ఎప్పుడూ విని ఉండడు, సూత్రం మాత్రం తుది దాకా పాటిస్తున్నాడు.

స్టాండ్‌బై ప్రయాణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా చిన్నమ్మాయి ఒక విమాన సంస్థలో గ్రౌండ్ స్టాఫ్. ఉద్యోగుల తల్లిదండ్రులకి నామమాత్రపు ధరకి టికెట్ ఇస్తారు, కాకపోతే సీటు మిగిలితేనే. వాళ్ల భాషలో 'సబ్జెక్ట్ టు లోడ్'. లోడ్ అంటే విమానం ఎంత నిండిందన్నది. ఇలాంటి ఉద్యోగుల ఇళ్లలో ఫోన్ ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న "లోడ్ ఎంతుంది?" మా ఆవిడ ఇప్పుడు వంటింట్లోంచే అడుగుతుంది, కూరలో ఉప్పు ఎంతుందని అడిగినంత మామూలుగా.

మొదటిసారి విశాఖపట్నం బయల్దేరాం. ముందు రోజు రాత్రి అమ్మాయి జాగ్రత్తలు చెప్పింది. "నాన్నా, పద్నాలుగు ఖాళీ చూపిస్తోంది గానీ నమ్మకండి. నీట్‌గా తయారవ్వండి. కౌంటర్ దగ్గర మాత్రం గొడవ పడొద్దు, నా పరువు పోతుంది." తెల్లవారుజామున విమానాశ్రయానికి వెళ్లే వాయు వజ్ర బస్సెక్కి, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని వెళ్లాం. అంతకుముందు ఫ్లైటేదో రద్దయిందట, వాళ్లందరినీ ఇందులో సర్దారు. పద్నాలుగు ఖాళీలు పద్నాలుగు నిమిషాల్లో మాయం. మా ముందు ఇంకో పెద్దావిడ ఉన్నారు. మా అమ్మాయి కంటే ఏడేళ్ల సీనియర్‌కి అత్తగారు. స్టాండ్‌బై వరసలో మన వయసు చూడరు, మన పిల్లల సర్వీసు చూస్తారు. ఆవిడకీ దొరకలేదు. ముగ్గురం కలిసి పులిహోర తిన్నాం.

అప్పుడు అమ్మాయి ఫోన్. "వైజాగ్ ఇవాళ కష్టం. రాజమండ్రికి లోడ్ తక్కువుంది, వెళ్తారా?" రాజమండ్రి మా ప్లాన్‌లోనే లేదు. అయినా వెళ్లాం. అది చిన్న ఏటీఆర్ విమానం. సీట్లు ఖాళీగా కనిపిస్తున్నా ఎక్కించుకోరు. అడిగితే "సీట్లున్నాయి సార్, బరువు మిగల్లేదు" అన్నాడు కౌంటర్ అబ్బాయి. ఇంధనం, సామాను, ఎండ వేడి, అన్నీ కలిపి లెక్కేస్తారట. విమానం అన్నాక సీటు ఒక్కటే ఖాళీ ఉంటే చాలదని నాకు ఆ రోజే తెలిసింది. చివరికి రావాల్సినవాళ్లు ముగ్గురు రాలేదు. మా పేర్లు పిలిచారు. పదో తరగతి ఫలితాల్లో నా నంబరు కనిపించిన రోజు తర్వాత అంత ఆనందం మళ్లీ అప్పుడే.

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో దిగి ఆటోలో ఇన్నీసుపేట వెళ్లి మా ఆవిడ అన్నయ్య గారి తలుపు కొట్టాం. ఆయన బనీనుతో బయటికొచ్చి మమ్మల్ని చూడగానే మొహం తెల్లబోయింది. "ఏంటి బావగారూ, ఎవరికేమైంది?" ఇదీ ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట. "ఎవరికీ ఏం కాలేదు అన్నయ్యా, సీటు దొరికింది, వచ్చాం" అంది మా ఆవిడ. ఆయన నమ్మడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత మూడు రోజులు మమ్మల్ని వదల్లేదు. పుష్కరాల రేవు, రోజ్ మిల్క్, రాత్రి రెండింటి దాకా మేడ మీద పాత కబుర్లు. పదేళ్లుగా పెళ్లిళ్లలో కలుస్తూనే ఉన్నాం. మాట్లాడుకున్నది మాత్రం అప్పుడే.

ఆ "ఎవరికేమైంది?" దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు కంపెనీల సంగతి తేల్చాలి.

మన దేశంలో స్టాండ్‌బై లేదనేవాళ్లు పొరబడుతున్నారు. ఉంది. పూర్తి డబ్బు కట్టి టికెట్ కొన్న ప్రయాణికుడికి ఉంది. ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్ముకోవడం కంపెనీలకి మామూలే. ఎక్కువమంది వచ్చేస్తే ముందు స్వచ్ఛందంగా తప్పుకునేవాళ్లని అడగాలి, ఎవరూ లేకపోతే కొందర్ని ఆపేయొచ్చు. గంటలోపు వేరే విమానం చూపిస్తే పరిహారం లేదు. 24 గంటల్లోపు అయితే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000 రూపాయలు. అది దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. 2016 నుంచి ఉన్న నిబంధనలివి. వీటిని కూడా సరిగ్గా పాటించలేదని 2022 జూన్‌లో ఎయిర్ ఇండియాకి డీజీసీఏ 10 లక్షల జరిమానా వేసింది. అంటే అనిశ్చితి అనే సరుకు మార్కెట్లో ఉంది. దాన్ని మనకి చెప్పకుండా, పూర్తి ధరకి అంటగడుతున్నారు. నేనడుగుతున్నది అదే సరుకుని చెప్పి, చవగ్గా అమ్మమని.

చివరి నిమిషంలో చవగ్గా దొరుకుతుందని తెలిస్తే అందరూ చివరి దాకా ఆగుతారని, ముందస్తు బుకింగులు పడిపోతాయని కంపెనీల వాళ్లు అంటారు. టికెట్ లేనివాళ్లని గేటు దాకా రానిస్తే భద్రత ఏమవుతుందని కూడా అంటారు. మొదటిది చూద్దాం. పొద్దున పదింటికి ఢిల్లీలో మీటింగ్ ఉన్నవాడు, సాయంత్రం చెల్లెలి నిశ్చితార్థం ఉన్నవాడు పులిహోర డబ్బా పట్టుకుని కౌంటర్ దగ్గర కూర్చోడు. హామీ లేకపోవడమే పెద్ద కంచె, వేరే కంచె అక్కర్లేదు. ఇక భద్రత. మా లాంటివాళ్లం రోజూ ఆ గేటులోంచే స్టాండ్‌బై కాగితంతో వెళ్తున్నాం. 2022 డిసెంబర్ నుంచి ఇదే బెంగళూరులో డిజియాత్ర మొహం చూసి తలుపు తీస్తోంది. ఉద్యోగి తండ్రిని గుర్తుపట్టే యంత్రం కూరగాయల కొట్టు ఆయన్ని గుర్తుపట్టలేదా?

బ్రిటిష్ విమాన వ్యాపారి ఫ్రెడ్డీ లేకర్ ఈ పని ఎప్పుడో చేసి చూపించాడు. 1977 సెప్టెంబర్ 26న లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కి ఆయన స్కైట్రైన్ మొదలైంది. ముందస్తు రిజర్వేషన్ లేదు, వచ్చి వరసలో నిలబడి టికెట్ కొనుక్కోవడమే. ఒకవైపు 59 పౌండ్లు. దాన్ని తట్టుకోవడానికి పెద్ద కంపెనీలు కూడా స్టాండ్‌బై ధరలు తెచ్చాయి. 1982 ఫిబ్రవరిలో ఆ కంపెనీ మునిగింది కదా అని ఎవరైనా అంటారు. డాలర్లలో చేసిన అప్పులు, మాంద్యం, పెద్ద కంపెనీల ధరల యుద్ధం దాన్ని ముంచాయి. వరసలో నిలబడ్డ జనం కాదు.

అంత దూరం ఎందుకు, మన రైల్వేనే చూడండి. ఆర్‌ఏసీ కంటే గొప్ప స్టాండ్‌బై ఏముంది? ఒకే బెర్తు మీద ఇద్దర్ని కూర్చోబెట్టి, ఎవరైనా రాకపోతే పూర్తి బెర్తు ఇస్తారు. చార్టు తయారయ్యాక మిగిలిన బెర్తులకి 2017 జనవరి నుంచి మూల ఛార్జీలో 10 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. ప్రభుత్వ సంస్థకి తట్టిన ఆలోచన, కంప్యూటర్ మేధావులతో నిండిన కంపెనీలకి తట్టలేదు. లేదా తట్టినా నచ్చలేదు.

నాకు అసలు కోపం ఇక్కడే. ముందుగా కొంటే చవక అనే రూలు పైకి చూస్తే న్యాయంగానే ఉంటుంది. కానీ రెండు నెలల ముందు టికెట్ ఎవరు కొనగలరు? రెండు నెలల ముందే సెలవు ఖాయమైనవాళ్లు. వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో క్యాలెండర్ చూసుకుని లాంగ్ వీకెండ్‌లు గుర్తు పెట్టుకునేవాళ్లు. వాళ్ల మీద నాకేం కోపం లేదు, మా పెద్దల్లుడూ వాళ్లలో ఒకడే. అదే ఆఫీసు గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డుకి వచ్చే వారం డ్యూటీ ఏదో ఆదివారం రాత్రి గానీ తెలియదు. నర్సుకి సెలవు ముందు రోజు సాయంత్రం దొరుకుతుంది. హోటల్లో వంటమాస్టర్‌కి, బండి మీద డెలివరీలు చేసే అనంతపురం కుర్రాడికి అసలు సెలవనేదే లేదు, ఖాళీ దొరకడమే. తన క్యాలెండర్ తన చేతిలో ఉన్నవాడికి తగ్గింపు, లేనివాడికి జరిమానా. చావు కబురుకైతే అందరం జరిమానా కడుతున్నాం.

ఈ ఊరి నుంచే 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి సామాన్యుడిని విమానం ఎక్కించారు. నిజంగా గొప్ప పని. కానీ ఆ రూపాయి టికెట్ కూడా ముందుగా ఎగబడినవాడికే దొరికేది. తర్వాత చిన్న ఊళ్లకి విమానాలు నడిపే ప్రభుత్వ పథకం ఉడాన్ వచ్చింది, దాని కింద 2017లో కడపకి, 2021లో కర్నూలు ఓర్వకల్లుకి విమానం దిగింది. ఊళ్లు దగ్గరయ్యాయి. బయల్దేరాలంటే మాత్రం ఇప్పటికీ తేదీ కావాలి.

బావగారి ప్రశ్నకి వస్తాను. చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని చూసి "ఎవరికేమైంది?" అని భయపడే స్థితికి మనం ఎప్పుడొచ్చాం? అతిథి అన్న మాటకి పెద్దలు చెప్పే అర్థం తిథి లేనివాడని. ఏ రోజు వస్తాడో చెప్పకుండా వచ్చేవాడు. మా చిన్నప్పుడు ఇంటికొచ్చిన వాళ్లలో సగంమంది అలాంటివాళ్లే. కాకి అరిస్తే చుట్టాలొస్తారని అమ్మ ఇంకో గిద్దెడు బియ్యం ఎసట్లో వేసేది. ఇప్పుడు బెంగళూరులో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర యాప్‌లో మన పేరు ఎక్కించి, ఫ్లాట్ వాళ్లు సరే అన్నాకే లోపలికి వదులుతారు. సొంత తమ్ముడైనా అంతే. రెండు నెలల ముందు టికెట్, రెండు రోజుల ముందు మెసేజ్, రెండు నిమిషాల ముందు గేటు పాస్. ప్లాన్ చేసుకోవడం తెలివైన అలవాటే, కాదనను. ప్లాన్ లేని ప్రయాణానికి చోటే లేకుండా చేయడం మాత్రం మన బతుకు మీద ఎవరో వేసిన పన్ను.

2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి ధరలు ఆకాశాన్నంటినప్పుడు, 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలకి మించొద్దని ప్రభుత్వం రాత్రికి రాత్రి పరిమితి పెట్టింది. మనసుంటే చేయగలరన్నమాట. నేను పరిమితి అడగడం లేదు. టెర్మినల్ బయట ఒక కౌంటర్, ఎన్ని సీట్లు మిగిలాయో చూపించే ఒక తెర, ఉద్యోగుల కుటుంబాలకి ఇప్పటికే ఉన్న ఆ వరసలో వాళ్ల వెనకాల మిగతా జనానికి చోటు. బెంగళూరు–విశాఖ, బెంగళూరు–హైదరాబాద్ దారుల్లో ఆరు నెలలు పెట్టి చూడమనండి. నష్టం వస్తే తీసేయమనండి.

మా బావగారు ఈ నెల్లో బెంగళూరు వస్తానన్నారు. తేదీ అడిగితే "మీరు చెప్పి వచ్చారా?" అన్నారు. ఆయన పిల్లలెవరూ విమాన కంపెనీల్లో లేరు కాబట్టి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఆర్‌ఏసీ మీదే వస్తారు. మా ఆవిడ ముందు గదిలో మంచం మీద దుప్పటి మార్చి, గేటు దగ్గర గార్డుకి ఆయన ఎలా ఉంటారో చెప్పి వచ్చింది.