తేనెటీగ పోస్టు ఖాళీగా ఉంది

అపార్ట్‌మెంటు సంఘాలు ఈమధ్య సాధించిన ఘనవిజయాల్లో తేనెటీగల తొలగింపు ముఖ్యమైనది. ఆరో అంతస్తు సజ్జా కింద చేటకంటే పెద్ద పట్టు వేలాడుతుంది. సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానిస్తుంది, ఫ్లాటుకింత అని వసూలు చేస్తుంది, రాత్రి పదింటికి మనిషిని పిలిపిస్తుంది. మంట, పొగ, మందు. తెల్లారేసరికి సెల్లారంతా చీపురుతో ఎత్తాల్సినన్ని ఈగలు. ఈ చర్యను మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. జీతం అడగనివాళ్లను పనిలో ఉంచుకుంటే జీతం తీసుకునేవాళ్లకు అప్రతిష్ఠ.

కాకపోతే పువ్వుకు పుప్పొడి చేర్చే వాళ్ల పని మిగిలిపోయింది. అదే భవనం మిద్దె మీద గుమ్మడి, కాకర, దోస పాదులున్నాయి, డ్రమ్ముల్లో వంగ ఉంది. పూత విరగబూస్తుంది. పిందె నాలుగు రోజులకు పసుపెక్కి రాలిపోతుంది. తోట యజమాని పుల్లమజ్జిగ చల్లుతాడు, ఎప్సమ్ సాల్ట్ వేస్తాడు, ఆఖరికి పాదుకు దిష్టి తీస్తాడు. ఇన్ని చేసినవాడు ఇంకొక్కటి చేయలేడా? తేనెటీగ ఉద్యోగంలో తనే చేరిపోవచ్చు. విధులు ఇవీ.

హాజరు ఉదయం ఆరింటికి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదిరేలోపే ముడుచుకుంటుంది. తొమ్మిదింటికి కాఫీ తాగి వచ్చేవాడికి ఈ కొలువు పనికిరాదు. అడుగున బుల్లి కాయ ఉన్నది ఆడపువ్వు, సన్నకాడ మీద ఊరికే నిలబడ్డది మగపువ్వు. మగపువ్వును కోసి, రేకులు ఒలిచి, నడిమి పుల్లకున్న పుప్పొడిని ఆడపువ్వు మధ్య గుబ్బకు చుట్టూ తాకించాలి. ఒకవైపే రుద్ది చేతులు దులుపుకుంటే రెండోవైపు గింజ కట్టదు, గింజ కట్టనివైపు కాయ ఎదగదు, వంకరకాయ వస్తుంది. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. వాన పడి పుప్పొడి ముద్దయితే ఆ రోజు జీతంలేని సెలవు.

వంగపూత దగ్గర ఈ పుల్ల విద్య పారదు. అక్కడ పుప్పొడి గొట్టాల్లో ఉంటుంది, కొసనున్న చిల్లుల్లోంచి ఉప్పుసీసాలో ఉప్పులా రాలాలి. తుమ్మెద ఆ పువ్వును కరుచుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లు ఝుమ్మనిపించి దులుపుకుపోతుంది. పట్టుపెట్టే తేనెటీగలకే ఈ పని రాదు కనుక కొత్త ఉద్యోగి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. బ్యాటరీ టూత్‌బ్రష్ వీపును, తడి ఆరిన పువ్వు కాడకు రెండు మూడు సెకన్లు ఆనిస్తే చాలు. పళ్లు తోముకునేది వేరే ఉంచుకోవాలి. అసలు తుమ్మెద ఏమైందంటారా, పందిరి దూలానికి చిల్లు పెట్టిందని పోయిన ఏడాదే పంపించేశారు. మొహం మీదికొచ్చి హడావిడి చేసే మగ తుమ్మెదకు కుట్టడానికి ముల్లే ఉండదు. అయితే ఇలాంటి మాటలు సమావేశంలో అంటే మినిట్స్‌లో ఎక్కించరు.

బీర, సొర సాయంత్రం పూస్తాయి. అక్కడ రాత్రి డ్యూటీ చాలావరకు రెక్కల పురుగులది. అవి ఇప్పుడు మిద్దె మీది ఫ్లడ్‌లైటు చుట్టూ ప్రదక్షిణలో ఉన్నాయి. కాబట్టి పొద్దున ఆరింటికి వచ్చినవాడే సాయంత్రం ఆరింటికీ రావాలి. ఓవర్‌టైమ్ లేదు.

ఇక పిట్టల శాఖ. పావురాలు రాకుండా బాల్కనీలకు నైలాన్ వలలు బిగించారు. తేనెపిట్ట రావడం మానేసింది, పిగిలిపిట్ట మానేసింది, ఆకులు కుట్టుకుని గూడుకట్టే దర్జీపిట్టా మానేసింది. పావురం మాత్రం ఏసీ డబ్బా వెనక వల వదులైన చోట దూరి, నాలుగు పుల్లలు పడేసి, రెండు గుడ్లు పెట్టి 18 రోజులు పొదుగుతోంది. సిబ్బందిలో మిగిలిన ఈ ఒక్కదాన్ని పనిలో పెడదామంటే అది గింజలే తింటుంది, పురుగు జోలికి దాదాపు పోదు. పిల్లలకు మొదట్లో పెట్టేది కూడా గొంతు సంచిలో ఊరే పాలే.

అందుకని కరివేపాకు పురుగులను కూడా మనుషులే ఏరాలి. లేత పురుగు గోధుమరంగు మీద తెల్లమచ్చతో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పిట్టల కళ్లు కప్పడానికి వేసుకున్న వేషం అది. ఆ పిట్టలే లేని అపార్ట్‌మెంటులో కూడా పాపం అది వేషం విప్పడం లేదు. ముదిరాక ఆకుపచ్చగా మారుతుంది, అప్పటికి కొమ్మ బోడి. వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి చల్లవచ్చు. పొద్దున చల్లితే తేనెటీగల మీద పడుతుంది కాబట్టి పొద్దువాలాక చల్లమని పాత పద్ధతి. ఇప్పుడు ఆ బెడద లేదు, ఎప్పుడైనా చల్లుకోవచ్చు.

మార్చి 20 పిచ్చుకల దినం నాడు సంఘం తరఫున చెక్క డబ్బాలు పంచుతారు. చిల్లు 32 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే బాగా పెద్దదైతే గోరువంక దూరుతుంది. చిల్లు ముందు వాలడానికి పుల్ల బిగించకూడదు, అది పిచ్చుకకంటే కాకికే ఎక్కువ అక్కరకొస్తుంది. పడమటెండ తగలకూడదు. ఇవన్నీ పాటించినా కళ్లు తెరవని పిల్లకు మెత్తటి పురుగులే కావాలి, మందు కొట్టిన తోటలో అవి దొరకవు. డబ్బాలు మాత్రం ఫొటోల్లో చక్కగా పడతాయి.

తొలగింపు కార్యక్రమం గురించి ఒక సాంకేతిక గమనిక. కదిపిన పట్టులోని ఈగలు రాత్రిపూట వెలుతురు మీదికి వస్తాయి, వేడుక చూడ్డానికి లైటు వేసి కిటికీ తెరిచిన ఇళ్లకే ముందు దర్శనమిస్తాయి. కుట్టిన ముల్లు చర్మంలో ఉండిపోయి విషం ఎక్కిస్తూనే ఉంటుంది, వెంటనే గోటితో గీకెయ్యాలి. అక్కడ మాగిన అరటిపండు వాసనేస్తుంది, అది తక్కిన ఈగలకు పిలుపు. నిలబడి చేతులు విసరకుండా తలుపు వేసుకునే గదిలోకి పరుగెత్తాలి.

కదపకపోతే ఏమవుతుందని సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతారు. ఈ పెద్ద తేనెటీగలు పూతలను బట్టి వలసపోతాయి, కొన్ని నెలల్లో మైనం అట్ట వదిలేసి వాటంతటవే వెళ్తాయి. ఆ ప్రశ్నకు సమయం లేనందున అధ్యక్షులవారు తదుపరి అంశానికి వెళ్తారు. కాల్చినా అంటుకున్న మైనం అక్కడే ఉంటుంది, మళ్లీ పూతల కాలానికి చాలాసార్లు అదే సజ్జాకు కొత్త పట్టు దిగుతుంది. పాత తీర్మానాన్ని జాగ్రత్త చేసుకుంటే తేదీ ఒక్కటి మారిస్తే సరిపోతుంది.