నిజాం ఇచ్చిన టియారాని విప్పడం తప్పా?

1947 నవంబర్ 20న బ్రిటన్ రాకుమారి ఎలిజబెత్ (తర్వాత రాణి) పెళ్లి. హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ లండన్‌లో కార్టియర్ అనే నగల కంపెనీ వాళ్లకి కబురు పెట్టాడు: రాకుమారికి ఏది నచ్చితే అది ఇవ్వండి, డబ్బు నాది. ఆమె ఒక రవ్వల హారం, పూల అల్లికతో ఉన్న ఒక రవ్వల టియారా (తల మీద పెట్టుకునే కిరీటం లాంటి నగ) ఎంచుకుంది. హారం ఇప్పటికీ ఉంది, 2014లో ఎలిజబెత్ మనవడి భార్య కేట్ వేసుకుంది కూడా. టియారాని మాత్రం 1973లో విప్పేసి, ఆ రవ్వలకి బర్మా ప్రజలు పెళ్లికానుకగా ఇచ్చిన 96 కెంపులు కలిపి, లండన్ నగల కంపెనీ గరార్డ్ చేత ఇంకో టియారా చేయించారు. ఈ పని మీదే ఇద్దరికీ వాదన. వసంత మ్యూజియం వస్తువుల సంరక్షణ తెలిసిన మనిషి. ఆచారి రవ్వలు కట్టే కంసాలి.

వసంత: ఆచారి గారూ, 1973లో జరిగింది మరమ్మత్తు కాదు. కార్టియర్ పనితనంలో మిగిలింది మూడు గులాబీ బ్రోచీలు. మిగతాదంతా రాళ్ల కింద లెక్కేశారు.

ఆచారి: ఆ మూడు గులాబీలు ఎందుకు మిగిలాయమ్మా? మొదటి నుంచీ ఊడదీసి చీర... కాదులెండి, గౌనుకి పెట్టుకునేట్టు చేశారు కాబట్టి. టియారా అంటే ఒకే ముద్ద కాదు. అడుగున తలకి పట్టే పట్టీ, దాని మీద చట్రం, చట్రానికి మరలతోనో కొక్కేలతోనో తగిలించే పూలు, వేలాడే ముత్యాలు. పాతవాటికి పెట్టెలోనే చిన్న మరతిప్పు, బ్రోచీ సూదులు పెట్టి ఇచ్చేవాళ్లు. ఎలిజబెత్ వేసుకున్న ఇంకో నగ, వ్లాదిమిర్ టియారా చూడండి. పదిహేను వలయాలు, ఒక్కోదాంట్లో ఒక ముత్యం వేలాడుతుంది. కావాలంటే ముత్యాలు తీసి పచ్చలు తగిలిస్తారు. ఆ పచ్చలు అంతకుముందు ఎక్కడివి? 1911 ఢిల్లీ దర్బారుకి ఎలిజబెత్ నాయనమ్మ మేరీ రాణి చేయించుకున్న టియారా పైనవి. 1893లో ఆవిడకే పెళ్లికి వచ్చిన ‘గర్ల్స్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ అండ్ ఐర్లండ్’ టియారా మీద మొదట ముత్యాలు నిలబడి ఉండేవి. 1914లో వాటిని తీసి 13 రవ్వలు పెట్టారు. 1998 నుంచి 2015 దాకా వచ్చిన బ్రిటన్ నాణేల మీద ఎలిజబెత్ తలపై కనిపించింది ఆ మార్చిన రూపమే. అది అసలుది కాదని ఎవరైనా నాణెం వెనక్కిచ్చారా?

వసంత: మాట మారుస్తున్నారు. తగిలించి తీయడం వేరు, చెరపడం వేరు. వ్లాదిమిర్ ముత్యాలు రేపు మళ్లీ తగిలించొచ్చు. నిజాం టియారాలో రవ్వల్ని పొదుగులోంచి, అంటే రాయిని బిగించిన గూటిలోంచి పీకారు. అలా పీకితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? రాయిని పట్టుకున్న కొనల్ని వెనక్కి వంచాలి. ఒకసారి వంగిన కొన మళ్లీ నొక్కేటప్పుడు విరుగుతుంది. అంచున గింజలు గింజలుగా చేసిన పని చెరిగిపోతుంది. రాయికి ఏమీ కాదు, పోయేది చేతిపని. రాళ్లు ఇంకెక్కడైనా దొరుకుతాయి.

ఆచారి: (కాసేపు ఆగి) పనివాడిగా దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ మీరు చెప్పే దారిలో నడిస్తే, నగ అద్దాల పెట్టెలోకే పోతుంది.

వసంత: పోనివ్వండి. తలకెక్కిస్తే జరిగేదేమిటో ఎలిజబెత్ పెళ్లిరోజే తెలిసింది కదా. 1919లో మేరీ రాణి చేయించిన ఫ్రింజ్ టియారా పెళ్లిపొద్దున తల మీద పెడుతుంటే చట్రం విరిగింది. పోలీసుల కాపలాతో గరార్డ్ వాళ్ల పనిశాలకి పరిగెత్తించి అతికించి తెచ్చారు. ఫోటోల్లో మధ్య ఊచ పక్కన సందు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆచారి: అది తొడగడం తప్పు కాదు, ముందు చూసుకోకపోవడం తప్పు. తొడగడానికో పద్ధతుంది. ముందు జుట్టుని సన్నగా అల్లి నెత్తి మీద దిండులా పిన్నులతో కట్టాలి. పట్టీకి జుట్టు రంగు వెల్వెట్ రిబ్బన్ చుట్టాలి, లేకపోతే లోహం జారుతుంది, నెత్తిని కోస్తుంది. పిన్నుల్ని పట్టీ కింది కొక్కేల్లోంచి ఆ జడలోకి దింపాలి. బరువెక్కువైతే దారంతో కుట్టాలి. హెయిర్ స్ప్రే, సెంటు ముందే అయిపోవాలి. నగ ఆఖర్న పెట్టి మొదట తీయాలి, ఎందుకంటే ఆ స్ప్రే, సెంటు ముత్యం పైపొరని తినేస్తాయి. తీశాక ముత్యాల్ని మెత్తటి తడిగుడ్డతో తుడవాలి. ఇక చట్రాన్ని కాస్త వెడల్పుగా లాగి తలకి పట్టించాలని చూడకూడదు. అక్కడే అతుకు అలసిపోయి, పదోసారికి తెగుతుంది. ఇంకోటి చూడండి. పెట్టెలో దాచినా నగ చెడుతుంది. గాలి మరీ పొడిగా ఉంటే ముత్యం పగులుతుంది. శుభ్రం చేస్తామని అల్ట్రాసోనిక్ తొట్టిలో పచ్చల్ని వేస్తే, చీలికల్లో పట్టించిన నూనె కారిపోయి లోపలి గీతలన్నీ బయటపడతాయి. వెనక రేకు వేసి మూసిన పాత పొదుగుల్లోకి నీళ్లు పోతే రాయి మసకబారుతుంది. మీ మ్యూజియం వాళ్లకి ఇవన్నీ తెలుసా?

వసంత: తెలుసు. తేమ కొలుస్తారు, కాంతి కొలుస్తారు, రాతపూర్వకంగా పెడతారు. రాజుల పెట్టెల్లో ఆ లెక్కలెక్కడ?

ఆచారి: లెక్కలు రాసుకుంటూ ఉంటే దొంగలు నిచ్చెనేసుకుని వస్తారు. 2025 అక్టోబర్ 19న పారిస్‌లోని లూవ్‌ర్ మ్యూజియంకి లిఫ్టు లారీ తెచ్చి, ఎనిమిది నిమిషాల లోపే ఎనిమిది నగలు పట్టుకుపోయారు. అందులో ఫ్రాన్స్ మహారాణి యూజెనీ ముత్యాల టియారా ఉంది. ఆమె కిరీటం వాళ్ల చేతుల్లోంచి జారి నలిగింది. 2017లో జర్మనీలో కార్ల్స్‌రూయె మ్యూజియంలో 367 రవ్వల టియారా మాయమైంది. అంతకుముందు సంగతి మరీ దారుణం: 1887లో ఫ్రెంచి ప్రభుత్వమే రాజనగల్ని వేలం వేసింది. రాజులు తిరిగి రాకూడదని! ప్రభుత్వం చేతిలో పెడితే భద్రమా?

వసంత: మన దగ్గర పెడితే భద్రమే. 1995లో నిజాం నగలు 173 భారత ప్రభుత్వం 218 కోట్లకి కొంది...

ఆచారి: కొని రిజర్వు బ్యాంకు ఖజానాలో పెట్టింది! హైదరాబాద్ జనం సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001లో ఓసారి, 2006లో ఓసారి చూశారు. 2019లో ఢిల్లీలో పెట్టారు. ఆ నగల్లోని 184.75 క్యారెట్ల జేకబ్ వజ్రం మనది అంటారు. చూడ్డానికి మాత్రం రానీరు. బ్రిటన్‌లో అయితే నిజాం ఇచ్చిన హారాన్ని లోకమంతా చూసింది.

వసంత: అసలు ఆ హారం ఎవరి డబ్బు? 1947 నవంబర్‌లో తన రాజ్యం ఎటు పోతుందో తెలియని రోజుల్లో, రైతుల శిస్తు సొమ్ముతో లండన్‌లో బహుమతి! దాన్ని ఎలా విప్పారని మనం పోట్లాడుకుంటున్నాం, ఎందుకిచ్చాడని అడగట్లేదు.

ఆచారి: అదో వేరే పంచాయితీ. ఆయన ఇచ్చాడు, ఆమె తీసుకుంది. ఇచ్చాక ఆమె సొత్తు. మన ఇళ్లలో అత్తగారి కాసులపేరు చెరిపి కోడలికి గాజులు చేయించట్లేదా? ఎవరైనా తప్పంటారా?

వసంత: కాసులపేరుకి కొలతుంది, బంగారం తూకానికి తూకం వస్తుంది. కార్టియర్ పని తూకానికి రాదు. డెన్మార్క్ వాళ్లని చూడండి. 1746లో సోఫీ మాగ్డలీన్ రాణి వీలునామా రాసింది: నా నగలు ఏ మనిషికీ పోకూడదు, ఎప్పుడూ రాణిగా ఉన్నవాళ్లకే. అందుకే ఆ పచ్చల సెట్టు రోజెన్‌బోర్గ్ కోటలో అద్దం వెనక ఉంటుంది. రాణి ఉత్సవాలకి తీసి వేసుకుంటుంది, మళ్లీ పెట్టేస్తుంది. దేశం దాటనివ్వరు. తొడగొచ్చు, చెరపకూడదు. మీ కోరిక, నా కోరిక రెండూ తీరాయి.

ఆచారి: (నవ్వి) ఆ పచ్చల సెట్టు 1840లో పాత రాజనగలు చెరిపి చేసిందేనమ్మా.

వసంత: అయితే 1840 తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు.

ఆచారి: గీత ఎక్కడ గీస్తారు? నిజాం టియారా మళ్లీ కట్టించాలనుకోండి. గులాబీలు మూడు ఉన్నాయి, ఫోటోలు ఉన్నాయి, నేను గీసి ఇస్తాను. రవ్వలు ఎక్కడివి? ఆ కెంపుల టియారాలోనే. దాన్ని విప్పాలి. దానికీ ఇప్పుడు యాభై ఏళ్లు దాటాయి, బర్మా జనం కెంపులున్నాయి. ఏది అసలుది?

వసంత: కెంపులదీ విప్పొద్దు. దాని చేతిపనికి కూడా అదే న్యాయం.

ఆచారి: అయితే నిజాంది పోయినట్టే కదమ్మా.

వసంత: పోయింది. 1973లో పోయింది, అదే మొదటి నుంచీ చెబుతున్నాను. మీరు రాళ్లు లెక్కపెడుతూ కూర్చున్నారు.