సవరణ: ఆ పసుపు అడవి గులాబీ ఆస్ట్రియాది కాదు
రోజా ఫీటిడా అనే పసుపు అడవి గులాబీ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి, క్షమించండి. ‘ఆస్ట్రియన్ బ్రయర్’ అన్న పేరు చూసి దాని పుట్టిల్లు ఆస్ట్రియా అని రాసేశాను, కానీ అది కాకసస్ కొండల వైపు మొక్క. ఇక, ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కొత్త గులాబీ రకాలు పుట్టించే పెర్నె-డూషే 1900లో తెచ్చిన ‘సొలేయ్ దోర్’ అనే గులాబీకి మూలం ఐదు రేకుల అడవి పువ్వే అన్నాను. కాదు, దాని ముద్ద రకం ‘పర్షియన్ యెల్లో’. ఇప్పటి తోటల్లో కనిపించే చిక్కటి పసుపు, నారింజ హైబ్రిడ్ గులాబీలకు ఆ రంగు చాలావరకు అక్కడినుంచే వచ్చింది, దాంతోపాటే ఆకుల మీద నల్లమచ్చ తెగులుకు తేలిగ్గా లొంగిపోయే గుణం కూడా. రోజా ఫీటిడా ఏడాదికి ఒక్కసారే పూస్తుంది, వాసనా బాగుండదు, అయినా చల్లని దేశాల తోటల్లో ఎండ తగిలే ఒక మూల దానికి ఇవ్వాల్సిందే అన్న మాట మాత్రం మార్చుకోను.